రొయ్యల గుంటల్లో ఆటోఫీడర్ల వాడకం మీద పీహెచ్‌డీ సర్వే: 384 మంది సరిపోతారా? ఫీడర్ కొని ఆపేసినవాళ్లని ఎటు వెయ్యాలి?

ముత్తుకూరు రోడ్డు (అడిగినవారు)

అందరికీ నమస్కారం. మేనేజ్‌మెంట్‌లో పీహెచ్‌డీ, రెండో ఏడు. నెల్లూరు జిల్లా రొయ్యల సాగులో మేత దానంతటదే విసిరే ఆటోఫీడర్లు, నీళ్లలో ఆక్సిజన్ కొలిచే డీఓ సెన్సర్లు ఎవరు వాడుతున్నారు, ఎందుకు వాడుతున్నారు అన్నది అంశం. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు మండలాలు అనుకున్నాను. సినాప్సిస్‌లో రాసింది టామ్ మోడల్ (కొత్త పరికరం ఉపయోగమా, సులువా అన్న అభిప్రాయాన్ని బట్టి వాడకాన్ని అంచనా వేసేది), 28 ప్రశ్నలు, అయిదు పాయింట్ల స్కేలు, 384 మంది రైతులు, ఆ తర్వాత ఎస్‌ఈఎమ్ (స్ట్రక్చరల్ ఈక్వేషన్ మోడలింగ్).

పైలట్ కింద 30 మందిని అడిగాక మూడు చోట్ల ఆగిపోయాను. మొదటిది లిస్టు. లైసెన్సులో ఉన్న పేరు ఒకరిది, గట్టు మీద కనబడే మనిషి ఇంకొకరు. 384 మందిని ఏ లిస్టులోంచి తియ్యాలి? రెండోది, జవాబులన్నీ 4, 5లే. ప్రశ్నల జవాబులు ఒకదానితో ఒకటి ఎంత పొసుగుతాయో చెప్పే క్రోన్‌బాక్ ఆల్ఫా 0.96 వచ్చింది. సంతోషపడాలా, అనుమానపడాలా? మూడోది, 30 మందిలో ఏడుగురు ఫీడర్ కొన్నారు, ఒకటి రెండు పంటలు వాడారు, విప్పి షెడ్డులో పెట్టేశారు. వీళ్లు వాడేవాళ్లా, వాడనివాళ్లా?

గైడ్ గారికి మోడల్ మొత్తం మార్చడం ఇష్టం లేదు. ఆ హద్దులోనే ఏం చెయ్యొచ్చో చెప్పండి.

లాజిట్ లచ్చన్న

384 సంగతి ముందు తేల్చుకుందాం. 1.96 వర్గాన్ని 0.5తో, మళ్లీ 0.5తో గుణించి 0.05 వర్గంతో భాగిస్తే 384.16 వస్తుంది. అంతే, అందులో మహిమ ఏమీ లేదు. ఫీడర్ ఉన్నవాళ్లు నూటికి ఎందరు అనే ఒక్క శాతాన్ని, అటూ ఇటూ అయిదు పాయింట్ల తేడాతో చెప్పడానికి సరిపోయే అంకె అది. అదీ లిస్టులోంచి చీటీలు తీసినట్టు ఒక్కొక్కరినీ విడిగా తీస్తేనే. ఎస్‌ఈఎమ్‌కి గానీ రిగ్రెషన్‌కి గానీ ఎంతమంది కావాలో ఆ సూత్రం చెప్పదు.

మీరు చెయ్యబోయేది చీటీలు తియ్యడం కాదు. ఊరికి పోతారు, పోయినందుకు అక్కడే 20 మందిని అడిగి వస్తారు. ఒకే కాలువ నీళ్లు, ఒకే మేత డీలరు, ఒకే టెక్నీషియన్. జవాబులు కూడా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఊరిలోపలి పోలిక (0 అంటే అసలు లేదు, 1 అంటే అచ్చం ఒకటే) 0.1 అనుకుంటే, ఊరికి 20 మంది చొప్పున డిజైన్ ఎఫెక్ట్, అంటే గుంపుగా అడిగినందుకు శాంపిల్ బలాన్ని ఎంతతో భాగించాలో ఆ అంకె, 1 + 19 × 0.1 = 2.9. మీ 384 మంది అసలు బలం 132 మందే. అదే 384 మందిని ఊరికి 8 మంది చొప్పున 48 చోట్ల అడిగితే 1 + 7 × 0.1 = 1.7, బలం 226. అడిగే మనుషులు అంతే, బైకు పెట్రోలు మాత్రం ఎక్కువ. ఊళ్లు చాలకపోతే కాలువల వారీగా విడగొట్టుకోండి. ఈ అంశానికి ఊరికన్నా కాలువే సరైన హద్దు.

ఇక లిస్టు. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ రిజిస్ట్రేషన్, రాష్ట్ర ఆక్వా అథారిటీ లైసెన్సు, కరెంటు కనెక్షన్ల జాబితా, ఈ మూడింట్లోనూ ఎక్కువగా దొరికేది భూమి ఓనరు పేరు. పంట పెట్టేది లీజుదారు. పాత జాబితాలో ఉన్న లీజుదారు ఈపాటికి ఇంకో మండలంలో ఉండొచ్చు. కాబట్టి మనిషిని కాదు, గుంటని తియ్యండి. ఉపగ్రహ చిత్రం మీద కాలువ వారీగా గుంటలకి నంబర్లు వేసుకోండి. రెండు పంటల కాలాల చిత్రాలు పక్కపక్కన పెట్టుకుంటే నీళ్లున్నదేది, ఎండబెట్టిందేది తెలుస్తుంది. బాగా స్పష్టంగా ఉన్న చిత్రమైతే ఏరియేటర్ల నురగ తెల్లచారల్లా కనబడుతుంది. నంబర్లలోంచి యాదృచ్ఛికంగా తీసి, ఆ గట్టు మీదకి పోయి "ఈ గుంట పంట ఎవరిది?" అని అడగండి.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది ఒకటుంది. గుంటని తీస్తే 12 గుంటలున్న రైతు మీ చేతికి చిక్కే అవకాశం ఒక్క గుంట రైతుకన్నా 12 రెట్లు. రైతుల గురించి మాట్లాడేటప్పుడు ఒక్కొక్కరికీ, ఆ మనిషి చేతిలో ఉన్న గుంటల సంఖ్యతో ఒకటిని భాగించిన వెయిట్ ఇవ్వాలి. "మీ చేతిలో మొత్తం ఎన్ని గుంటలు, ఎక్కడెక్కడ?" అన్న ప్రశ్న ఫారంలో లేకపోతే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పుట్టించలేదు.

ఎండిన గుంటలనీ వదలొద్దు. నష్టపోయి సాగు ఆపేసినవాళ్లు లిస్టులో లేకపోతే మిగిలేది నిలబడినవాళ్లే. అప్పుడు ఏ పరికరమైనా గొప్పదిగానే కనబడుతుంది.

చెక్‌ట్రే

ఆల్ఫా 0.96కి సంతోషపడొద్దు. ఆల్ఫా ప్రశ్నల సంఖ్యతో పాటు పెరుగుతుంది. ఒకే ప్రశ్నని మాట మార్చి నాలుగుసార్లు అడిగితే ఇంకా పెరుగుతుంది. 0.95 దాటిందంటే చాలావరకు అడిగిందే అడుగుతున్నారని అర్థం. దానికి తోడు గట్టు మీద నిలబడి, చేతిలో ప్యాడ్ పట్టుకున్న చదువుకున్న మనిషి "ఆటోఫీడర్ ఉపయోగకరమా?" అంటే "మంచిదే సార్" అనక ఏమంటారు? అది మర్యాద, డేటా కాదు. పరీక్షించాలంటే 28లో నాలుగైదు ప్రశ్నలని తిరగేసి పెట్టండి. వాటికీ 4, 5లే వస్తే మనిషి ప్రశ్న వినడం లేదన్నమాట.

టామ్ ఎక్కడ పుట్టిందో చూడండి. 1989లో ఫ్రెడ్ డేవిస్ రాసినప్పుడు ఎదురుగా ఉన్నది ఆఫీసులో కంప్యూటరు ప్రోగ్రాం వాడే ఉద్యోగి. కొనేది కంపెనీ. వాడాలా వద్దా అని తేల్చుకునేదీ వాడేదీ ఒకే మనిషి. గుంట దగ్గర డబ్బు పెట్టేది ఒకరు, ఒక్కోసారి నెల్లూరు టౌనులో కూర్చున్న భాగస్వామి. ఫీడర్ పెట్టమనేది టెక్నీషియన్. మేత అప్పిచ్చేది డీలరు. రోజూ దాన్ని నింపేది గట్టు మీద కాపురముండే మేత మనిషి. "వాడటం సులువా?" అన్న ప్రశ్న ఓనర్ని అడిగితే ఏం తెలుస్తుంది? అది మేత మనిషిని అడగాల్సిన ప్రశ్న. "లాభమా?" అన్నది పెట్టుబడిదారుని అడగాలి. టామ్ ఉంచుకోండి, గైడ్ గారికి ఇబ్బంది ఉండదు. కానీ సులువు ప్రశ్నలు ఒకరికి, ఉపయోగం ప్రశ్నలు ఇంకొకరికి విడగొట్టండి. ఇద్దరి జవాబులూ ఒకే గుంట నంబరు కింద కలపండి. కారణమూ ఫలితమూ ఒకే నోటి నుంచి, ఒకే పూట, ఒకే స్కేలు మీద రావడం వల్ల పుట్టే దొంగ సంబంధం కూడా దీంతో చాలావరకు తగ్గుతుంది. చివర్లో హార్మన్ టెస్టు (జవాబులన్నిటి వెనకా ఒకే కారకం ఉందేమో చూసేది) ఒక లైను రాసేసి పోతే ఆ జబ్బు నయం కాదు, జర్నల్ రివ్యూయర్లకి ఆ సంగతి బాగా తెలుసు.

ఇప్పుడు పరికరం దగ్గరికి రండి. "ఆటోఫీడర్ ఉందా, లేదా" అన్న ప్రశ్నలో నాలుగు రకాల మనుషులు దాక్కుంటారు. ఫీడర్ అంటే ఒక తొట్టి, అడుగున తిరిగే పళ్లెం, ఒక టైమరు. ఎన్ని సెకన్లు విసరాలి, ఎన్ని నిమిషాలు ఆగాలి అన్నది బోర్డు మీద పెడతారు. ఒకరు ఆ టైమరుకే మొత్తం వదిలేస్తారు. ఒకరు పగలు ఫీడరు, రాత్రి చేత్తో. ఒకరు తొలి నెల పొడి మేత చేత్తో చల్లి, గుళిక మేతకి మారాక ఫీడరు పెడతారు. ఇంకొకరి ఫీడర్ గుంట మధ్యలో ఉంటుంది గానీ ఉప్పుగాలికి మేత చెమ్మగిల్లి గొంతు దగ్గర గడ్డకట్టింది, మోటారు తిరుగుతుంది, మేత రాలదు. మేత ఎంత వెయ్యాలన్నది మాత్రం అందరూ చెక్ ట్రే (మేత ఎంత మిగిలిందో చూడటానికి గుంటలో దించే పళ్లెం) ఎత్తి చూసే తేల్చుకుంటారు. రొయ్య తినే శబ్దాన్ని బట్టి మేత విసిరే రకం వేరే ఉంది, దాన్ని టైమరు రకంతో కలిపి ఒకే గడిలో వెయ్యకండి.

అందుకని స్కేలు తీసేసి లెక్క అడగండి: "పోయిన పంటలో ఈ గుంటలో ఎన్ని రోజులు ఫీడర్ నుంచి మేత పడింది? నిన్న పడిన మేతలో ఫీడర్ నుంచి ఎన్ని కిలోలు, చేత్తో ఎన్ని కిలోలు?" వీలైతే బోర్డు మీద సెట్టింగు మీరే చూసి రాసుకోండి.

డీఓ కూడా అంతే. చేతిలో పట్టుకునే మీటరు, గుంటలో వేలాడే ప్రోబు, ఫోనుకి అలారం కొట్టేది, మూడూ మూడు వేర్వేరు పరికరాలు. వేలాడే ప్రోబుకి వారం పది రోజుల్లో పాకుడు పడుతుంది. తుడవకపోతే రీడింగు పక్కకి జరుగుతుంది. ఒకటి రెండుసార్లు తప్పుడు అలారం మోగితే తీసి పక్కన పడేస్తారు. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. కాబట్టి "చివరిసారి తెల్లవారుజామున డీఓ ఎప్పుడు చూశారు, ఎంత వచ్చింది, చూసి ఏం చేశారు?" అని అడిగితే వాడేవాళ్లెవరో, పెట్టుకున్నవాళ్లెవరో అక్కడికక్కడే తేలిపోతుంది.

తెలుగు చేసేటప్పుడు జాగ్రత్త. "నేను ఈ సాంకేతికతను వినియోగించుటకు ఉద్దేశించుచున్నాను" అన్న వాక్యానికి ఎవరైనా 5 ఇచ్చి మిమ్మల్ని పంపించేస్తారు. "వచ్చే పంటకి ఫీడర్ పెడతారా? ఎన్ని గుంటలకి? డబ్బు ఎక్కడి నుంచి?" అని అడగండి. ఎనిమిది పది మంది దగ్గర కూర్చుని, ప్రశ్న విన్నాక "మీకేం అర్థమైంది?" అని వాళ్ల మాటల్లోనే చెప్పించుకుంటే సగం ప్రశ్నలు రాలిపోతాయి. రాలిపోనివ్వండి.

ముత్తుకూరు రోడ్డు (అడిగినవారు)

ఇద్దరికీ ధన్యవాదాలు. గుంటని తీసే పద్ధతి గైడ్ గారు కూడా కాదనరనుకుంటా. ఆపేసిన ఏడుగురి ప్రశ్న ఇంకా మిగిలింది. మరొకటి: కొత్త పద్ధతులు జనంలో ఎలా పాకుతాయో రాసిన రోజర్స్ ప్రకారం మొదటి 2.5 శాతం, తర్వాత 13.5, 34, 34, 16 అని రైతులని విడగొట్టమంటున్నారు. అది ఇక్కడ కుదురుతుందా?

లాజిట్ లచ్చన్న

కుదరదు. అందరూ ఎప్పటికో ఒకప్పుడు తీసుకుంటారు, తీసుకున్న కాలం గంటవక్రంలా పరుచుకుంటుంది అనుకుంటేనే ఆ శాతాలు. ఇంకా చాలామంది తీసుకోని పరికరానికి, అందునా తీసుకుని వదిలేసేదానికి ఆ గీతలు ఎక్కడ గీస్తారు? రోజర్స్‌లో మీకు పనికొచ్చేది వేరే ఉంది. వదిలెయ్యడాన్ని ఆయన రెండు రకాలు చేశాడు: ఇంకా మంచిది దొరికి మానెయ్యడం ఒకటి, దీనితోనే విసిగి మానెయ్యడం ఇంకొకటి. మీ ఏడుగురిని ఆ రెంటిలో ఎటువాళ్లో అడగండి. నన్నడిగితే మీ థీసిస్‌లో కొత్త సంగతి ఆ ఏడుగురి దగ్గరే ఉంది.

లెక్కకి యూనిట్ రైతు కాదు, "ఈ గుంటలో ఈ పంట" అన్నది ఒక వరుస. రైతుకి రెండు గుంటలు, ఏడాదికి రెండు పంటల చొప్పున మూడేళ్లు వెనక్కి పోతే 12 వరుసలు. 200 మంది అంటే 2,400 వరుసలు. ప్రతి వరుసలో ఫీడర్ ఉందా, ఎన్ని రోజులు, సీడ్ ఎంత, మేత ఎంత, పట్టుబడి ఎంత, ఎన్ని కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), జబ్బు తగిలిందా. మొదలుపెట్టడానికి ఒక లాజిట్ (అవును, కాదు జవాబులకి వాడే రిగ్రెషన్), ఆపెయ్యడానికి ఇంకో లాజిట్, రెంటిలోనూ ఎన్నో పంట అన్నది ఒక చలరాశి. ప్రామాణిక దోషాలు (అంచనా ఎంత అటూ ఇటూ కావొచ్చో చెప్పేవి) కాలువ వారీగా లెక్కకట్టండి. 2,400 వరుసలున్నాయి కదా అని 2,400 మంది బలం అనుకోవద్దు.

గుర్తు విషయం. తేదీలు అడిగితే చెప్పలేరు, సంఘటనలు అడిగితే చెబుతారు. ఫీడర్ కొన్నది 2020 మార్చి లాక్‌డౌన్‌కి ముందా, 2021 నవంబరు పెన్నా వరదకి ముందా తర్వాతా, 2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానప్పుడు గుంటలో పంటుందా, 2025లో అమెరికా సుంకాలు పెంచినప్పుడు ఏ కౌంట్ పట్టారు. ఒక కాగితం మీద ఇవన్నీ గీత మీద పెట్టుకుని, పంటలని మధ్యలో ఇరికించుకుంటూ పోండి.

కందుకూరు కట్ట

ప్రకాశం వైపు నుంచి ఒక్క మాట. శుభ్రమైన లిస్టు కావాలంటే రొయ్యల కన్నా పొగాకు మేలు. వర్జీనియా రైతులూ, ఆకుని వేడితో ఆరబెట్టే బ్యారన్లూ టొబాకో బోర్డు దగ్గర రిజిస్టరై ఉంటాయి. అమ్మకం వేలం ప్లాట్‌ఫారాల మీదే: ఒంగోలు, టంగుటూరు, కొండపి, కందుకూరు, పొదిలి, కనిగిరి, మీ వైపు డీసీపల్లి, కలిగిరి. బ్యారన్‌లో కట్టెల ఖర్చు తగ్గించే మార్పుల మీద ఇదే థీసిస్ నడపొచ్చు. సినాప్సిస్ అయిపోయింది కాబట్టి మీకు కాదులెండి, వెనక వచ్చేవాళ్ల కోసం రాస్తున్నా.

జిల్లా పేరుతో మాత్రం జాగ్రత్త. 2022 ఏప్రిల్ విభజనలో కందుకూరు నెల్లూరులోకి వచ్చింది, గూడూరు, సూళ్లూరుపేట వైపు తిరుపతి జిల్లాకి పోయింది. పాత నెల్లూరు అంకెనీ కొత్త నెల్లూరు అంకెనీ ఒకే గ్రాఫులో పెడితే సాగు విస్తీర్ణం పడిపోయినట్టో పెరిగినట్టో కనబడుతుంది. మారింది హద్దు. మండలం వారీ అంకెలు తీసుకుని మీరే కూడుకోండి.

ఉప్పుటేరు

"పక్క రైతుని చూసి పెట్టాడు" అని తేల్చడానికి తొందరపడొద్దు. ఒకే ఉప్పుటేరు నుంచి నీళ్లు తోడుకునే గుంటల్లో వైట్‌స్పాట్ జబ్బు వస్తే పక్కపక్కన అందరికీ వస్తుంది. కరెంటు పోతే అందరికీ పోతుంది. అందరూ ఒకేసారి ఫీడర్ పెట్టారంటే ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నారా, లేక ఒకే డీలరు ఒకే వారంలో అందరికీ అమ్మాడా? ఆర్థికవేత్త మాన్‌స్కీ 1993లో చెప్పిన చిక్కు ఇదే. ఘనా దేశపు అనాస రైతుల మీద కాన్లీ, ఉద్రి 2010లో చేసిన పని చూడండి. పక్కవాడు ఏం చేశాడన్నదే కాదు, పక్కవాడికి అనుకోని లాభమో నష్టమో వచ్చిందన్న వార్త తెలిశాక ఎరువు ఎటు మార్చారన్నది వాళ్లు చూశారు. మీ ఫారంలో "మీ స్నేహితులెవరు?" అని అడగొద్దు. మీ శాంపిల్‌లోంచే అయిదు పేర్లు చీటీ తీసి, "వీళ్లలో ఎవరి గుంట పోయిన పంటలో ఎలా పోయిందో మీకు తెలుసు?" అని అడగండి.

ఇంకొకటి. ఫీడర్ పెట్టినవాళ్లకి ఎఫ్‌సీఆర్ (కిలో రొయ్యకి పట్టిన మేత కిలోలు) బాగుందని, ఫీడర్ వల్లే బాగుపడిందని రాసెయ్యకండి. తవ్నీత్ సూరి 2011లో కెన్యా మొక్కజొన్న మీద చూపించింది గుర్తుపెట్టుకోండి: తీసుకోనివాళ్లలో చాలామందికి తీసుకున్నా పెద్దగా మిగలదు. వాళ్లది తెలియనితనం కాదు, లెక్క. ఒక ఎకరం గుంట తీసుకోండి. చదరపు మీటరుకి 40 చొప్పున సుమారు 1.6 లక్షల సీడ్, 75 శాతం బతికితే 1.2 లక్షలు. 50 కౌంట్‌కి పడితే 2,400 కిలోలు. ఎఫ్‌సీఆర్ 1.4 నుంచి 1.3కి తగ్గితే మిగిలేది 240 కిలోల మేత. కిలో 90 రూపాయలు అనుకుంటే 21,600. అదే జబ్బొచ్చి 100 కౌంట్‌లో ముందే పట్టేస్తే బరువు సగం, మిగులూ సగం. పంట మధ్యలో పోయే అవకాశం ఎంతని రైతు అనుకుంటున్నాడో అడక్కపోతే ఫీడర్ ఎందుకు కొనలేదో మీకు అర్థం కాదు. ఏడాది లీజు మీదున్న మనిషి ఈ లెక్కని ఒక్క పంటకే వేస్తాడు, సొంత గుంట మనిషి అయిదారు పంటలకి వేస్తాడు.

సీడ్ ఎంత వేశారని నేరుగా అడిగితే వెనామీ రకం రొయ్యకి ఉన్న పరిమితి, చదరపు మీటరుకి 60, దాటినవాళ్లు తగ్గించి చెబుతారు. హేచరీ బిల్లు మీది అంకె అడగండి. శాఖ వాళ్లని వెంటబెట్టుకుని గట్టు మీదకి పోతే ఆ రోజు డేటా పారెయ్యాల్సిందే.

ముత్తుకూరు రోడ్డు (అడిగినవారు)

మేత డీలరు దగ్గర అప్పు ఉన్నవాళ్లు ఫీడర్ తక్కువ పెడుతున్నట్టు పైలట్‌లో అనిపించింది. మేత తక్కువ పడితే డీలరుకి నష్టం కాబట్టి వద్దంటున్నాడని రాయొచ్చా? అలాగే పైలట్‌లోని 30 మందిని అసలు శాంపిల్‌లో కలుపుకోవచ్చా?

చెక్‌ట్రే

మొదటిది ఇప్పుడే రాయకండి. ఎదురు కారణం కూడా అంతే బలంగా ఉంది: పంట బాగా పండితేనే డీలరు బాకీ వసూలవుతుంది, కాబట్టి ఫీడర్ పెట్టమనే చెప్పొచ్చు. చాలాచోట్ల ఫీడర్ అమ్మేదీ ఆ డీలరే. ఇంకో దారి కూడా ఉంది. అప్పున్న మనిషి చేతిలో ఫీడర్‌కి పెట్టడానికి నగదే ఉండదు. ఈ మూడూ విడదియ్యాలంటే మూడు ప్రశ్నలు చాలు: బాకీ ఎంత, ఫీడర్ కూడా అప్పు మీద ఇస్తానన్నాడా, అప్పు మేతకీ నగదు మేతకీ బస్తాకి ధర తేడా ఎంత. డీలర్లని విడిగా ఒక పదిమందిని కూర్చోబెట్టి అడగండి. ఆ మాటలు ఎస్‌ఈఎమ్‌లోకి రావు, విడి అధ్యాయం అవుతుంది.

రెండోది, కలపొద్దు. ప్రశ్నలు మారాయి, తీసిన పద్ధతి మారింది. అయితే ఆ ఏడుగురి ఫోను నంబర్లు భద్రంగా పెట్టుకోండి. ముందుగా ఒక్కొక్కరి దగ్గరికీ పోయి షెడ్డులో ఉన్న ఫీడర్ బయటికి తీయించి, ఏది ఆగిందో చూడండి: మోటారా, టైమరు బోర్డా, పళ్లెమా, లేక అన్నీ బాగుండీ మేత మనిషి మారిపోయాడా. గట్టు మీద మేత పది గంటలకి వేస్తే పదిన్నర తర్వాత పోండి, పట్టుబడి ఉన్న రోజు మాత్రం వద్దు.